గోల్డ్ పాన్ చాసీ మళ్లీ బంగారు రంగులోకి: ప్రాజెక్టు డైరీ

జనవరి, మొదటి వారం

నా పాత రిమోట్ కంట్రోల్ కారు చాసీ (అన్నిటినీ బిగించే అడుగు చట్రం) అడుగున బంగారు రంగు దాదాపు మిగల్లేదు. ముక్కు దగ్గర నుంచి బ్యాటరీ కింది దాకా తెల్లటి అల్యూమినియం బయటపడింది. దాని మీద పొడుగునా గీతలు, కొన్ని గోరు పెడితే ఆగేంత లోతు. పక్క గోడల మీద రంగు ఉంది కానీ ఎండకు వెలిసిపోయింది. గేర్‌బాక్స్ విప్పి చూస్తే దాని కింద మాత్రం అసలు రంగు అలాగే ఉంది, చిక్కగా, కొంచెం ఎరుపు తిరిగిన బంగారు రంగు. ఈ ప్రాజెక్టుకి అదే నా కొలబద్ద.

కారు టీమ్ అసోసియేటెడ్ అనే కంపెనీ వారి ఆర్‌సీ10. ఆర్‌సీ అంటే రేడియో కంట్రోల్. ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక స్వాప్ మీట్‌లో (పాత సామాన్ల సంతలో) దొరికింది. బాడీ లేదు, మోటారు లేదు, ముందు చక్రం ఒకటి లేదు. అమ్మినాయన పగిలిపోయిన ఇంకో చాసీ ముక్క కూడా ఊరికే ఇచ్చాడు. ఆ ముక్క విలువేమిటో ముందు ముందు రాస్తాను.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఆర్‌సీ10 కాలిఫోర్నియాలో పుట్టిన కారు, 1984లో వచ్చింది. రూపకర్త రోజర్ కర్టిస్. అంతకు ముందు ఆఫ్‌రోడ్ ఆర్‌సీ అంటే ఎక్కువగా జపాన్ కిట్లే. 1979లో వచ్చిన టమియా శాండ్ స్కార్చర్ లాంటివి చూడటానికి అచ్చం అసలు కార్లలా ఉండేవి. ఆర్‌సీ10 వేరే దారి పట్టింది. పందెం కోసమే గీసిన కారు: అల్యూమినియం రేకును అంచులు పైకి వచ్చేలా వంచి చేసిన టబ్ చాసీ, బంగారు రంగు అనోడైజింగ్ (యాసిడ్‌లో ముంచి కరెంటు పంపి అల్యూమినియం మీద పెంచే పొర), చక్రాల్ని పట్టుకునే నైలాన్ ఆర్మ్‌లు, కుదుపులు తట్టుకునే నూనె నింపిన షాక్‌లు. 1985లో డెల్ మార్‌లో జరిగిన మొదటి 1/10 (అసలు కారులో పదో వంతు సైజు) ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీలో టూవీల్ డ్రైవ్ టైటిల్‌ని జే హాల్సీ దీనితోనే గెలిచాడు. తరవాత గ్రాఫైట్ చాసీలు వచ్చాయి. 90ల మధ్యలో ఇదే వరసలో బీ2 అనే కారు వచ్చేసరికి చాసీ అచ్చు పోసిన ప్లాస్టిక్‌కు మారిపోయింది. అందుకే గోల్డ్ పాన్ అని పిలిచే ఈ బంగారు రేకు అంటే ఇష్టపడే వాళ్లకి అంత ఇష్టం. నాకూ అంతే.

అసలు ముట్టుకోవాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. తొలినాటి చాసీల మీద ఒక అక్షరపు ముద్ర ఉంటుంది. ఏ ముద్ర, బీ ముద్ర అని సేకరించేవాళ్లు వెతుక్కుంటారు. అలాంటిది దొరికితే సబ్బు నీళ్లతో కడిగి అలమరలో పెట్టాలి తప్ప యాసిడ్ చూపించకూడదని నా గట్టి అభిప్రాయం. నా చాసీకి ముద్ర లేదు. పైగా ఎవరో మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోల్ బిగించడం కోసం అదనంగా నాలుగు బెజ్జాలు వేశారు. కాబట్టి దీని మీద పని చేస్తే చరిత్రకు నష్టం లేదు.

బాలానగర్‌లో చాలా ఏళ్లు అనోడైజింగ్ షాపు నడిపి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మా బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను. చాసీని కెమెరాకి దగ్గరగా అటూ ఇటూ తిప్పించుకుని చూశాడు.

"ఒరేయ్, ఆ గీతలు పోవాలంటే ఎంత మందం తియ్యాలో ముందు చూసుకో. అది రేకు, దిమ్మ కాదు."

"అన్నీ పోవాలని లేదు బాబాయ్. గోరుకు తగిలేవి పోతే చాలు."

"అట్లయితే మంచిదే. కానీ యాదుంచుకో, అనోడైజింగ్ పెయింటు కాదు. గీత ఉంటే గీతే కనపడ్తది, ఇంకా ఎక్కువ కనపడ్తది."

అసలు విషయం అదే. అనోడైజింగ్ పైన పూసే పూత కాదు, అల్యూమినియమే ఆక్సైడ్‌గా మారి పెరిగే పొర. దేన్నీ కప్పదు, దేన్నీ నింపదు. పుట్టీ పెడితే ఆ చోట రంగే పట్టదు. వెల్డింగ్‌తో బెజ్జం మూస్తే రాడ్డు లోహం వేరు కాబట్టి మచ్చలా మిగులుతుంది. సిలికాన్ ఎక్కువ ఉన్న 4043 రాడ్డు వాడితే ఆ మచ్చ నల్లగా తేలుతుంది. అందుకే ఆ నాలుగు బెజ్జాల్నీ అలాగే వదిలేస్తున్నాను. అవి ఈ కారు జీవితంలో భాగం.

జనవరి, మూడో వారం

విప్పడం అయింది. అన్నీ అంగుళం కొలతల స్క్రూలు, ఎక్కువగా 4-40, కొన్ని 8-32. కొన్నిటికి లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా రాసే జిగురు) పట్టేసింది. బలవంతంగా తిప్పితే అలెన్ గుంట గుండ్రంగా అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించి తిప్పితే మెత్తగా వచ్చేశాయి.

నల్ల స్క్రూలకి తుప్పు ఉంది. వీటిని వెనిగర్‌లోనో యాసిడ్‌లోనో రాత్రంతా నానబెట్టమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెయ్యను. ఇవి గట్టిపరచిన అల్లాయ్ స్టీల్. యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంటే హైడ్రోజన్ లోపలికి దూరి లోహం పెళుసెక్కుతుంది, తరవాత బిగించేటప్పుడు తల పటుక్కున ఊడి రావచ్చు. యాసిడ్ కాకుండా తుప్పుని మాత్రమే పట్టుకుని కరిగించే ద్రావణం బజారులో దొరుకుతుంది, అందులో వేశాను. తీసి, కడిగి, ఆరబెట్టి, వేడి చేయకుండానే నలుపెక్కించే కోల్డ్ బ్లాక్ ద్రావణం పూసి నూనె రాశాను. అసలు బ్లాక్ ఆక్సైడ్ అంత లోతైన నలుపు కాదు గానీ బాగుంది.

చాసీని మందపాటి గాజు పలక మీద పెడితే వెనక కుడి మూల కాస్త లేచి ఉంది. మెలిక పెద్దది కాదు, చేత్తో వెనక్కి తిప్పితే సర్దుకుంది. ముక్కు దగ్గరి సొట్టని మాత్రం లోపలి నుంచి గట్టి చెక్క దిమ్మ పెట్టి, ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొట్టాల్సి వచ్చింది. నేరుగా ఇనప సుత్తి తగిలితే ప్రతి దెబ్బకీ ఒక నెలవంక పడుతుంది, అవన్నీ తరవాత రుద్ది తీయాలి. అంటే ఇంకొంచెం లోహం పోతుంది.

జనవరి చివర

పాత అనోడైజింగ్ తీసే రోజు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ దశే, ఎందుకో వివరంగా రాస్తాను.

ఆక్సైడ్ పొరని కాస్టిక్ సోడా కరిగిస్తుంది. పొర పోయాక ఆగదు, కింద ఉన్న అల్యూమినియాన్ని కూడా తింటుంది. ఆక్సైడ్ కరిగేటప్పుడు బుడగలు రావు. లోహం తగిలిన క్షణం హైడ్రోజన్ బుడగలు మొదలవుతాయి. కొత్తలా ఉన్న పార్టుకి ఇది మంచి గుర్తు: బుడగలు కనిపించగానే తీసి కడిగేయాలి. అరిగిపోయిన పార్టుతో చిక్కేమిటంటే, అడుగున పొర ముందే పోయింది. ద్రావణంలో పెట్టగానే అక్కడ లోహం కరగడం మొదలవుతుంది. పక్క గోడల మీద పొర ఇంకా కరుగుతూనే ఉంటుంది. గోడలు శుభ్రపడే దాకా ఆగితే, ఇప్పటికే పల్చబడిన అడుగు ఇంకా పల్చబడుతుంది, స్క్రూ తలలు కూర్చునే కౌంటర్‌సింక్‌లు వదులైపోతాయి.

లోహాన్ని ముట్టుకోకుండా పొరని మాత్రమే తీసే ఫాస్ఫారిక్-క్రోమిక్ యాసిడ్ పద్ధతి ఒకటి ఉంది. అందులో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. ఇంటి గ్యారేజీలోకి దాన్ని రానివ్వకూడదు.

అందుకే బయటపడిన అల్యూమినియం మొత్తాన్నీ, కౌంటర్‌సింక్‌లనీ ప్లేటింగ్ షాపుల్లో వాడే వినైల్ టేపుతో మూసేశాను. గోళ్లతో నొక్కి అంచులు అతికించాను. కాస్టిక్ లీటరు నీళ్లకు 50 గ్రాములు, వేడి చేయకుండానే వాడాను. వేడి చేస్తే పని చురుగ్గా అవుతుంది, కానీ నాకు చురుకు కాదు, అదుపు కావాలి. కాస్టిక్ కొనేటప్పుడు డబ్బా మీద వంద శాతం సోడియం హైడ్రాక్సైడ్ అని ఉందో లేదో చూడాలి. సింకు పైపులు శుభ్రం చేసే పొడులు కొన్నిటిలో ఇంకేవేవో కలుపుతారు. కళ్లద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్, గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి.

కాసేపు ముంచడం, తీసి కడగడం, చూడటం, మళ్లీ ముంచడం. బంగారు రంగు ముందుగా పోయింది. పొర పోవడానికి ఇంకొంచెం పట్టింది. రంగు పోయినంత మాత్రాన పొర పోయినట్టు కాదు, మల్టీమీటర్‌తో చూస్తే తెలుస్తుంది. ఆక్సైడ్ కరెంటుని పోనివ్వదు, రెండు మొనలు ఆనించి బీప్ వస్తే లోహం తేలినట్టు. చివరి మూల కూడా బీప్ అన్నాక ఆపేశాను.

బయటకొచ్చిన చాసీ నిండా కట్టెల పొయ్యి మీద గిన్నెకి పట్టినట్టు నల్లటి మసి. దీన్ని స్మట్ అంటారు. అల్యూమినియంలో కలిపిన రాగి, ఇనుము, సిలికాన్ లాంటివి కాస్టిక్‌లో కరగకుండా పైన మిగిలిపోయినవే ఇవి. బాబాయి షాపులో నైట్రిక్ యాసిడ్‌లో ముంచేవారట. నేను ఈత కొలనుల్లో పీహెచ్ తగ్గించడానికి అమ్మే సోడియం బైసల్ఫేట్ వాడాను. అంత వేగంగా పని చేయదు, మధ్యలో మెత్తటి బ్రష్‌తో తోమాలి.

ఫిబ్రవరి

నెలంతా రుద్దడమే.

అడుగున 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320, 400, 600. నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపు. కాగితాన్ని చెక్క దిమ్మకి చుట్టి, ఎప్పుడూ పొడుగు దిశలోనే. గుండ్రంగా రుద్దితే అనోడైజింగ్ అయ్యాక ఆ సుడులన్నీ వెలుతురులో కనిపిస్తాయి. ఒక్కో నంబరు మారేటప్పుడు చాసీని కడిగి, దిమ్మనీ కడగాలి. 220 రేణువు ఒక్కటి 600 కింద ఇరుక్కున్నా సాయంత్రం పని మొత్తం పోతుంది.

లోతైన గీతల దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. ఒక గీత కోసం ఆ చోట మాత్రమే లోతుగా రుద్దితే పల్లం పడుతుంది. పల్లం గీత కన్నా అసహ్యంగా ఉంటుంది, ఎందుకంటే వెలుతురు దాని మీద వంకరగా పడుతుంది. అడుగు మొత్తాన్నీ ఆ లోతుకి తెస్తే రేకు బలం పోతుంది. ముందు చక్రాల వెనక ఉన్న మూడు గీతల్ని అందుకే పూర్తిగా తీయలేదు. వాటి అంచులు మాత్రం నున్నగా చేశాను, గోరు ఇప్పుడు ఆగదు. చూస్తే కనిపిస్తాయి. కనిపించనీ. ఈ కారు ఏ మట్టి ట్రాక్ మీదో దూకి దిగినప్పుడు పడ్డ గీతలవి.

వంపుల దగ్గర, అంటే అడుగు రేకు గోడగా మారే చోట, చేయి చాలా తేలిగ్గా ఉండాలి. అక్కడ మూల తిరిగే తీరే ఈ చాసీ అందం. రుద్ది రుద్ది ఆ మూల గుండ్రమైతే ఇక తిరిగి రాదు. అక్కడ కాగితం వాడకుండా మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో సరిపెట్టాను. చివర్లో చాసీ మొత్తానికీ అదే స్కాచ్‌బ్రైట్, ఒకే దిశలో. అద్దంలా మెరిపించాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ గేర్‌బాక్స్ కింద మిగిలిన అసలు పొర కాస్త మందకొడి మెరుపుతో ఉంది. నాకు కావాల్సింది అదే. బీడ్ బ్లాస్టింగ్ (సన్నటి గాజు పూసల్ని గాలితో కొట్టించడం) కూడా వద్దనుకున్నాను, దానితో వచ్చే గరుకుదనం వేరే కారుదిలా ఉంటుంది.

మార్చి, మొదటి వారం

అనోడైజింగ్ ట్యాంకు తయారైంది. చాసీ పడుకునేంత వెడల్పు ప్లాస్టిక్ డబ్బా, పదిహేను లీటర్లు పడుతుంది. యాసిడ్ ఆటో పార్ట్స్ దుకాణంలో అమ్మే బ్యాటరీ యాసిడే. ఒక పాలు యాసిడ్‌కి ఒకటిన్నర పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపితే లీటరుకి సుమారు 175 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్ వస్తుంది, షాపుల్లో వాడేదీ దాదాపు అంతే. ముందు నీళ్లు, తరవాత యాసిడ్. ఎప్పుడూ ఈ వరసే. తిరగేస్తే మరిగి మీద పడుతుంది.

నెగెటివ్ వైపు రెండు అల్యూమినియం రేకులు, డబ్బాకి చెరో పక్క. సీసం రేకులు కూడా వాడతారు, కానీ తరవాత ఆ సీసం ఎక్కడ పారేయాలన్న తలనొప్పి వద్దనుకున్నాను. యాసిడ్ కలవడానికి అక్వేరియం ఎయిర్ పంపు.

పార్టుని పట్టుకుని దానికి పాజిటివ్ కరెంటు అందించే బిగింపుని జిగ్గు అంటారు. దాని గురించి బాబాయి చాలాసేపు చెప్పాడు. "కరెంటు పోయేది కాంటాక్టు దగ్గర. అక్కడ వదులైతే మిగతాదంతా దండగ." అనోడైజింగ్ మొదలయ్యాక పార్టు మీద పెరిగే పొర కరెంటుని అడ్డుకుంటుంది, కాంటాక్టు ఒక్క వెంట్రుక కదిలినా దాని కింద కూడా పొర పెరిగి కరెంటు ఆగిపోతుంది. చాసీని గేర్‌బాక్స్ కింద దాక్కునే రెండు బెజ్జాల్లోంచి టైటానియం బోల్టులతో బిగించాను. చాసీ ముందు బిగించే ముక్కు ప్లేటుని కూడా అదే జిగ్గుకి. రాగి తీగ యాసిడ్‌లోకి దిగకూడదు, కరిగిపోతుంది.

ఇప్పుడు ఆ పగిలిన చాసీ ముక్క సంగతి. అల్యూమినియంలో చాలా రకాలు ఉన్నాయి, ఒక్కోదానికి రంగు ఒక్కోలా పడుతుంది. బజారులో కొన్న రేకు మీద చేసిన పరీక్ష ఈ చాసీకి పనికిరాకపోవచ్చు. అదే మోడల్ చాసీ ముక్కని కోసి పట్టీలు చేసుకుంటే, చాసీకి చేసే పని ప్రతిదీ ముందు వాటికి చేసి చూడొచ్చు. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఒక పగిలిన చాసీ సంపాదించుకోండి. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే.

రంగు అనోడైజింగ్ కోసమే తయారుచేసిన గోల్డ్ డై. బట్టల రంగులు కూడా పడతాయి కానీ చాలా వాటికి ఎండ తట్టుకునే శక్తి తక్కువ, నేను దీన్ని కిటికీ పక్కన పెట్టబోతున్నాను. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 55 డిగ్రీల దగ్గర ఉంచి పట్టీలు ముంచాను. బంగారు రంగులో అసలు కష్టం ఇదే: నలుపైతే పది నిమిషాలు వదిలేసినా నలుపే, బంగారం సెకన్లలో మారిపోతుంది. 20 సెకన్లకు లేత నిమ్మరంగు. రెండు నిమిషాలకు నారింజ. 50 సెకన్ల పట్టీని గేర్‌బాక్స్ కింది రంగు ఫోటో పక్కన కాదు, తీసి దాచిన అసలు షాక్ బాడీ పక్కన పగటి వెలుతురులో పెట్టి చూశాను. అదే.

మార్చి, రెండో వారం

చాసీ, ముక్కు ప్లేటు కలిపి రెండు వైపులా దాదాపు ఒక చదరపు అడుగు. షాపుల్లో చదరపు అడుగుకి 12 ఆంపియర్లు పెడతారు. నా పవర్ సప్లై పదికి మించి ఇవ్వదు, పైగా తక్కువ కరెంటుతో వేడి తక్కువ. 6 ఆంపియర్లు పెట్టాను. లెక్కకి అనోడైజింగ్ వాళ్ల 720 సూత్రం ఉంది: కావాల్సిన మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో తీసుకుని 720తో గుణించి, చదరపు అడుగుకి పెట్టే ఆంపియర్లతో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 0.6 అంటే సుమారు 15 మైక్రాన్లు. 72 నిమిషాలు.

ముందు సబ్బుతో కడగడం, కొద్ది సెకన్లు కాస్టిక్, బైసల్ఫేట్, కడగడం. చాసీ మీద నీళ్లు పోస్తే ఎక్కడా చుక్కలుగా విడిపోకుండా ఒకే పొరలా జారాలి. విడిపోయిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే. ఇక్కడి నుంచి ఒట్టి చేత్తో ముట్టుకోలేదు.

యాసిడ్ 18 డిగ్రీల దగ్గర మొదలైంది. వోల్టేజీ మెల్లగా ఎక్కి పన్నెండు దగ్గర నిలబడింది. 6 ఆంపియర్లు, 12 వోల్టులు అంటే 72 వాట్ల వేడి, అదంతా యాసిడ్‌లోకే. వదిలేస్తే ఐదారు డిగ్రీలు పెరుగుతుంది. 24 దాటితే పొర మెత్తబడి, తుడిస్తే సుద్దలా రాలుతుంది. డబ్బాని ఐసు నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి 21 దాటనివ్వలేదు. కరెంటు ఎక్కడా ఊగలేదు. కాంటాక్టు నిలిచింది.

తీసిన వెంటనే చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, కాస్త బూడిద రంగు అల్యూమినియం అంతే. చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కడిగి, ఆరనివ్వకుండా నేరుగా డైలోకి. ఈ మధ్యలో వేడి నీళ్లు తగిలితే పొరలోని రంధ్రాలు మూసుకోవడం మొదలై రంగు పట్టదు. 50 సెకన్లు. ఎత్తి చూస్తే, ఆ రంగు! గ్యారేజీలో గట్టిగా అరిచాను, లోపలి నుంచి మా ఆవిడ ఏమైందోనని వచ్చింది.

సీలింగ్‌కి, అంటే రంగు లోపలే ఉండేలా ఆ రంధ్రాల్ని మూయడానికి, మరిగే నీళ్లే. చాసీ పట్టేంత పొడవైన పాత్ర అంటే ఇక్కడ థాంక్స్‌గివింగ్‌కి టర్కీ వండే స్టీల్ రోస్టర్, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొన్నది. ఇక వంటకి వాడకూడదు. మైక్రాన్‌కి మూడు నిమిషాల లెక్కన ముప్పావు గంట, నీళ్లు 96 డిగ్రీలకు తగ్గకుండా. మొదట్లో కొంచెం రంగు నీళ్లలోకి దిగింది, తరవాత ఆగిపోయింది. నికెల్ ఎసిటేట్ వాడితే ఇంకా తక్కువ దిగుతుంది, కానీ నికెల్ లవణాలు చర్మానికీ ఊపిరితిత్తులకీ మంచివి కావు. నీళ్లతోనే నాకు చాలు. పైన తేలిన తెల్లటి పొడి మెత్తటి బట్టతో తుడిస్తే పోయింది.

వాడిన యాసిడ్‌ని మూత బిగించి, పేరు రాసి, కౌంటీ వాళ్లు నడిపే ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చి వచ్చాను.

ఏప్రిల్

ముక్కు ప్లేటు చాసీ కన్నా కాస్త చిక్కగా వచ్చింది. ఒకే జిగ్గు, ఒకే డై, ఒకే సమయం, కాబట్టి రేకు వేరే రకమై ఉండాలి. పక్కపక్కన పెడితే తెలుస్తుంది, బిగించి నోస్ ట్యూబులు (ముక్కు దగ్గరి గొట్టాలు) వేశాక వెతికితే తప్ప తెలియదు. దీని కోసం మళ్లీ కాస్టిక్‌లో ముంచి ఇంకో పొర లోహం పోగొట్టను.

బాబాయికి పగటి వెలుతురులో ఫోటోలు పంపాను. గీతలున్న చోట వేలు గుర్తు పెట్టి తిరిగి పంపాడు, "ఇవి మిగిలినయ్" అని. ఆ కిందే, "రంగు మాత్రం మన షాపు రంగే" అని.

కారుని నడుపుతాను. 15 మైక్రాన్ల పొర గట్టిదే కానీ పల్చనిది, గులకరాళ్ల మీద పొట్ట రాసుకుంటే ఒక్క మధ్యాహ్నంలో మళ్లీ తెల్లబడుతుంది. అడుగున పారదర్శకమైన ప్రొటెక్టర్ ఫిల్మ్ అతికించాను, బుడగలు రాకుండా సబ్బు నీళ్లు చల్లి. అది చిరిగితే మార్చుకోవచ్చు.

షాక్ బాడీలకి పాత రంగు బాగానే ఉంది, వాటిని ముట్టుకోను. తరవాతి పని గేర్‌బాక్స్: లోపల గ్రీజు గట్టిపడి తేనె రంగు జిగురైంది, బేరింగులు రెండు గరగరమంటున్నాయి. వాటికి అంగుళం కొలతల బేరింగులు ఆర్డర్ పెట్టాను.